మాటలు అమ్మిన వీధి

1966 మే నెల. న్యూయార్క్‌లో మాడిసన్ అవెన్యూ, 40వ వీధి కలిసే చోటు. అక్కడి 285 నంబరు భవనంలో యంగ్ అండ్ రూబికామ్ అనే పేరుమోసిన యాడ్ ఏజెన్సీ ఉండేది. కింద పేవ్‌మెంటు మీద పేదల బాగోగులు పట్టించుకోమంటూ నల్లజాతివాళ్ళు ప్లకార్డులు పట్టుకుని తిరుగుతున్నారు. ఏజెన్సీ ఉద్యోగులు కొందరు కాగితం సంచుల్లో నీళ్ళు నింపి, కిటికీల్లోంచి వాళ్ళ నెత్తిన వేశారు. తడిసిన పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆడవాళ్ళు పైకెళ్ళి నిలదీశారు. ఆ నెల 28వ తేదీ న్యూయార్క్ టైమ్స్‌లో ఈ వార్త వచ్చింది. నలభై ఆరేళ్ళ తర్వాత, 2012 మార్చి 25న, ‘మ్యాడ్ మెన్’ టీవీ సిరీస్ అయిదో సీజన్ సరిగ్గా ఈ సంఘటనతోనే మొదలైంది. పేపర్లో ఉన్నదాన్ని దాదాపు ఉన్నట్టే తీశారు. చూసినవాళ్ళలో చాలామంది అతి అనుకున్నారు. కల్పన ఏమీ లేదక్కడ.

‘మ్యాడ్ మెన్’ 2007 జులై 19న అమెరికాలో ఏఎంసీ ఛానల్లో మొదలై 2015 మే 17న ముగిసింది. 7 సీజన్లు, 92 ఎపిసోడ్లు. మాథ్యూ వైనర్ దీని సృష్టికర్త. 1960 మార్చి నుంచి 1970 నవంబరు దాకా, స్టెర్లింగ్ కూపర్ అనే కల్పిత యాడ్ ఏజెన్సీలో పనిచేసేవాళ్ళ కథ. 2008 నుంచి 2011 దాకా వరసగా నాలుగేళ్ళు ఉత్తమ డ్రామా సిరీస్‌గా ఎమ్మీ అవార్డు అందుకుంది. తొలి ఎపిసోడ్ ఒక్కటే న్యూయార్క్‌లో తీశారు. తక్కినది చాలావరకు లాస్ ఏంజెలెస్‌లోనే. కాబట్టి ఇందులో మాడిసన్ అవెన్యూ రోడ్డు మీద మనుషులు నడుస్తూ కనిపించేది బహు తక్కువ. అయినా ఆ వీధి గుట్టు ఇంతగా పట్టుకున్న సిరీస్ మరొకటి రాలేదు. ఎందుకంటే ఆ వీధి అసలు సరుకు తయారయ్యేది రోడ్డు మీద కాదు, పై అంతస్తుల్లో, తలుపులు మూసిన గదుల్లో. ఈ సిరీస్ గురించి మాట్లాడేవాళ్ళు సూట్ల గురించి, సిగరెట్ల గురించి, ప్రేమ వ్యవహారాల గురించి ఎక్కువ మాట్లాడతారు. నా మటుకు నాకు దీనిలో గొప్ప ఎపిసోడ్లన్నీ పని ఎపిసోడ్లే. ఒక మనిషి తన దగ్గరున్న అతి సొంత జ్ఞాపకాన్ని తీసి బల్ల మీద పెట్టి, దాంతో ఒక ప్రకటన అల్లే క్షణాలు.

వీధి సంగతి ముందు చెప్పాలి. మాన్‌హటన్ వీధుల కోసం 1811లో గీసిన ప్రణాళికలో మాడిసన్ అవెన్యూ లేదు. ఫోర్త్, ఫిఫ్త్ అవెన్యూల మధ్య 1836లో దీన్ని కొత్తగా చొప్పించారు. 23వ వీధి దగ్గర మాడిసన్ స్క్వేర్‌లో మొదలై ఉత్తరాన హార్లెమ్ నది దాకా వెళుతుంది. దాదాపు 10 కిలోమీటర్లు. ప్రకటనల వ్యాపారం దీన్ని వెతుక్కుంటూ రావడానికి కారణం గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్. 1913లో అది తెరుచుకున్నాక చుట్టుపక్కల ఆఫీసు భవనాలు లేచాయి. ఉత్తరాన ఊరిబయట తోటల మధ్య ఇళ్ళు కట్టుకున్న ఉద్యోగులు పొద్దున రైలెక్కితే నేరుగా ఇక్కడే దిగేవాళ్ళు. సిరీస్ కథానాయకుడు డాన్ డ్రేపర్ ఇల్లు ఆసినింగ్‌లో ఉండటం, అతను రోజూ రైల్లో రావడం అందుకే. రెండో కారణం రేడియో. సీబీఎస్ ప్రధాన కార్యాలయం 1929 నుంచి 1964 దాకా ఇదే వీధిలో 485 నంబరులో ఉండేది. అప్పట్లో రేడియో నాటకాలను చాలావరకు ఏజెన్సీలే తయారుచేసి ఇచ్చేవి. పత్రికలు కూడా పక్కనే. ‘లుక్’ పత్రిక కోసం 1950లో పూర్తయిన 488 నంబరు భవనం, గుండ్రని మూలలతో, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాని ఎదురుగా నిలబడితే ఆ కాలం కాస్త కళ్ళకు కడుతుంది.

ఇంకొక్క లెక్క తెలిస్తే సిరీస్ సగం అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఏజెన్సీకి వచ్చే రాబడి ప్రధానంగా కమిషనే. క్లయింటు టీవీలో, పత్రికల్లో ప్రకటనల మీద పెట్టే ఖర్చులో 15 శాతం. ఆలోచన ఇచ్చినందుకు విడిగా రుసుము లేదు. అందుకే ఒక్క పెద్ద క్లయింటు లేచిపోతే కంపెనీ పునాదులు కదిలిపోయేవి. నాలుగో సీజన్‌లో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల కంపెనీ వెళ్ళిపోయినప్పుడు అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేకపోవడానికి కారణం అదే.

తొలి ఎపిసోడ్ మొదలయ్యేది కూడా ఆ సిగరెట్ల బేరంతోనే. సిగరెట్లు ప్రాణం తీస్తాయని పత్రికలు రాస్తున్నాయి. ఆరోగ్యానికి మంచిదని చెప్పడం కుదరదిక. డాన్ బార్‌లో కూర్చుని నాప్‌కిన్ మీద ఏదో గీకుతూ, బల్లలు సర్దే నల్లజాతి పనివాణ్ణి నీ బ్రాండు సిగరెట్లే ఎందుకు కాలుస్తావని అడుగుతాడు. వెంటనే పైవాడొకడు వచ్చి, ఈ మనిషి మిమ్మల్ని విసిగిస్తున్నాడా అంటాడు. రెండు నిమిషాల్లో ఆ కాలం మొత్తం చెప్పేశారు. మర్నాడు మీటింగులో అందరూ చేతులెత్తేశాక, మా పొగాకు వేయించిందని మాత్రం చెప్పండి చాలని డాన్ మాట అందిస్తాడు. నిజానికి ఆ నినాదం లక్కీ స్ట్రైక్ 1917 నుంచే వాడుతోంది. కథ కోసం దాన్ని డాన్ ఖాతాలో వేశారు. కానీ తలుపు వెనక జరిగేదేమిటో ఆ సన్నివేశం తేటగా చూపిస్తుంది. అబద్ధం ఆడక్కర్లేదు. అన్ని కంపెనీలూ చేసే మామూలు పనిని మనమే చేస్తున్నట్టు ముందుగా చెప్పుకుంటే సరిపోతుంది.

ఆరో ఎపిసోడ్ ‘బాబిలాన్’లో పెగ్గీ ఓల్సన్ పుట్టింది. అంటే డాన్ సెక్రటరీ పెగ్గీ కాదు, రచయిత్రి పెగ్గీ. బెల్ జోలీ లిప్‌స్టిక్ కోసం ఆఫీసులో ఉన్న అమ్మాయిలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి రంగులు పూసుకోమంటారు. అద్దం అవతల చీకటి గదిలో మగవాళ్ళు గ్లాసులు పట్టుకుని వాళ్ళను చూసి నవ్వుకుంటుంటారు. పెగ్గీ ఒక్కతే లిప్‌స్టిక్ పూసుకోదు, కూర్చుని గమనిస్తుంది. చివర్లో పెదవులు తుడుచుకున్న టిష్యూ కాగితాల బుట్ట అందించినప్పుడు, అది చెత్తబుట్ట కాదు ముద్దుల బుట్ట అన్నట్టుగా ఒక మాట ఆమె నోటివెంట వస్తుంది. పెద్ద కాపీరైటర్ ఫ్రెడ్డీ ఆ మాట పట్టుకుంటాడు. వంద రంగులున్నా ఏ ఆడపిల్లా వందమందిలో ఒకతెగా ఉండాలనుకోదని ఆమె వివరిస్తుంది. పరిశోధన విభాగానికి అంతు చిక్కని సంగతి టైపు మిషను ముందు కూర్చునే అమ్మాయికి తెలుసు. ఎలిజబెత్ మాస్ నటన అక్కణ్ణుంచి ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఎదుగుతూ వచ్చింది. ఈ పాత్రకు ఆమెకు ఎమ్మీ ఎన్నడూ ఇవ్వకపోవడం అన్యాయం.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ ‘ది వీల్’. కొడాక్ కంపెనీ కొత్త స్లైడ్ ప్రొజెక్టర్ తెచ్చింది. పైన గుండ్రటి పళ్ళెం, అందులో 80 స్లైడ్లు పడతాయి, ఒక్కో మీటకూ ఒక్కో బొమ్మ. కంపెనీవాళ్ళు దాన్ని చక్రం అంటున్నారు. ఇంత పాత సంగతిని కొత్తగా ఎలా అమ్మాలని వాళ్ళ దిగులు. డాన్ గదిలో దీపాలు ఆర్పించి సొంత ఫొటోలు వేస్తాడు. భార్య, పిల్లలు, పెళ్ళిరోజు. ఇది ముందుకు పరిగెత్తే యంత్రం కాదనీ, మనల్ని ఇష్టమైన చోటికి తిరిగి తీసుకెళ్ళేదనీ, దీని పేరు రంగులరాట్నమనీ చెబుతాడు. ఇక్కడ తెలుసుకోవలసింది మరొకటుంది. ఏ తమ్ముణ్ణయితే తన గతం బయటపడుతుందన్న భయంతో తరిమేశాడో, ఆ తమ్ముడు ఉరేసుకున్నాడని డాన్‌కు అంతకు కొద్దిసేపటి ముందే తెలిసింది. ఇంట్లో భార్యకు అతను పరాయివాడైపోయాడు. ఆ తెర మీద బొమ్మల్లోని సంసారం అతనికి చేజారిపోతోంది. ఒక సహోద్యోగి కన్నీళ్ళు ఆపుకోలేక గది వదిలి వెళ్ళిపోతాడు. సరుకు అమ్ముడయింది. అమ్మినవాడు ఆ రాత్రి ఖాళీ ఇంటికి చేరతాడు. నిజమైన కొడాక్ కారోసెల్ 1961లో బజారుకొచ్చింది. 2004లో ఆ కంపెనీ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది.

మూడో సీజన్ ముగింపు ‘షట్ ది డోర్. హ్యావ్ ఎ సీట్’ పనిలోని ఉత్సాహాన్ని ఎంతో బాగా చూపించిన ఎపిసోడ్. కంపెనీని మెకాన్ ఎరిక్సన్ అనే పెద్ద ఏజెన్సీకి అమ్మేస్తున్నారని తెలిసి, డాన్, అతని భాగస్వాములు రోజర్, బర్ట్ కూపర్ ఒక ఉపాయం పన్నుతారు. ఉద్యోగాల్లోంచి తీసేసే అధికారం ఉన్న ఇంగ్లిషు అధికారి లేన్ ప్రైస్ చేతే తమను తీయించుకుని, అతన్నీ భాగస్వామిగా కలుపుకుంటారు. శని, ఆదివారాల్లో ఆఫీసు ఖాళీ చేయాలి. ఏ ఫైలు ఎక్కడుందో ఒక్కళ్ళకీ తెలియదు. అంతకుముందు ఆఫీసు నడిపిన జోన్‌కు ఫోన్ చేస్తారు. ఆమె వచ్చి నిలబడగానే పని నడుస్తుంది. పెగ్గీని డాన్ మొదట నువ్వూ రావాలని హుకుం జారీ చేస్తాడు, ఆమె కుదరదంటుంది. తర్వాత ఇంటికి వెళ్ళి అడగవలసినట్టు అడుగుతాడు. సోమవారం కొత్త కంపెనీ పియర్ హోటల్ గదిలో మొదలవుతుంది. 61వ వీధిలో ఉన్న ఆ పియర్ హోటల్ నిర్వహణ 2005లో మన తాజ్ హోటళ్ళ సంస్థ చేతికి వచ్చింది. ఇంట్లోంచి వెళ్ళగొట్టినప్పుడు డాన్ తలదాచుకున్న రూజ్‌వెల్ట్ హోటల్, 45వ వీధి దగ్గర మాడిసన్ అవెన్యూ మీద, 1924లో తెరుచుకుంది, తర్వాత పాకిస్థాన్ విమానయాన సంస్థ సొంతమయింది. 2020లో మూతపడి, 2023 నుంచి రెండేళ్ళు వలసవచ్చినవాళ్ళకు ఆశ్రయమయింది.

ఇక ‘ది సూట్‌కేస్’. నాలుగో సీజన్, ఏడో ఎపిసోడ్. 2010 సెప్టెంబరు 5న వచ్చింది. రాసింది వైనర్, తీసింది జెన్నిఫర్ గెట్జింగర్. కథ జరిగేది ఒకే రాత్రి, 1965 మే 25. ఆ రాత్రి మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో మహమ్మద్ అలీ, సోనీ లిస్టన్‌ల రెండో పోటీ. ఆఫీసంతా పందేలు కాసి వెళ్ళిపోయింది. డాన్ బల్ల మీద కాలిఫోర్నియా నుంచి ఫోన్ వచ్చినట్టు చీటీ ఉంది. తన అసలు పేరు, అసలు బతుకు తెలిసిన ఒకే ఒక్క స్నేహితురాలు ఆనా కాన్సర్‌తో చావుబతుకుల్లో ఉంది. తిరిగి ఫోన్ చేస్తే ఏం వినాల్సి వస్తుందో అతనికి తెలుసు. చేయడానికి ధైర్యం లేదు. ఒంటరిగా ఉండటానికీ ధైర్యం లేదు. అందుకని శాంసొనైట్ సూట్‌కేసుల ప్రకటన కుదరలేదనే వంకతో పెగ్గీని ఆపేస్తాడు.

ఆ రోజు ఆమెకు 26 నిండాయి. రెస్టారెంటులో స్నేహితుడు, ఆమెకు తెలియకుండా పిలిచిన అమ్మావాళ్ళు, ఎదురుచూస్తున్నారు. వస్తున్నా, అయిదు నిమిషాలు అంటూ ఆమె ఫోన్‌లో వాయిదాలు వేస్తుంది. వేసి వేసి, ఆ సంబంధం ఫోన్‌లోనే తెగిపోతుంది. వెనక్కి వచ్చి ఇన్నాళ్ళ కడుపుమంట కక్కేస్తుంది. గ్లో కోట్ ప్రకటనకు అవార్డు తీసుకున్నావు, ఆ ఆలోచన నాది, ఒక్కసారైనా నా పేరు చెప్పావా అని. జీతం ఇస్తున్నది దానికేనని డాన్ అరుస్తాడు. ఆమె బాత్‌రూమ్‌లో ఏడుస్తుంది. ఆఫీసులో పనిచేసిన ప్రతి ఆడమనిషికీ ఆ బాత్‌రూమ్ తెలుసు. తర్వాత ఇద్దరూ ఏదో పాత టేపు విని పడీపడీ నవ్వుతారు, ఎలుక కనిపిస్తే దాన్ని వెతుకుతారు, హోటల్లో తింటారు, బార్‌లో రేడియో వింటారు. లిస్టన్ మొదటి రౌండులోనే పడిపోతాడు. డాన్ పందెం పోతుంది. తండ్రి తన కళ్ళముందే పోయాడని పెగ్గీ చెబుతుంది, నా తండ్రీ అంతేనని డాన్ అంటాడు. ఇంతకుమించి ఏమీ జరగదు. వాళ్ళ మధ్య ప్రేమ వ్యవహారం లేదు, ఏడు సీజన్లలోనూ రాలేదు. వైనర్ తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ ఉత్తమమైనది అదే.

తెల్లవారాక డాన్ ఫోన్ చేస్తాడు. ఆనా లేదు. పెగ్గీ చూస్తుండగానే అతను కుప్పకూలి ఏడుస్తాడు, నన్ను నిజంగా ఎరిగిన ఒకే మనిషి పోయిందంటాడు. అది నిజం కాదని ఆమె మెల్లగా చెబుతుంది. కాసేపటికి చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, కింద పడిన లిస్టన్ మీద నిలబడ్డ అలీ ఫొటో చూసి గీసిన కొత్త బొమ్మ ఆమెకు చూపిస్తాడు. ఆమె చేతి మీద చెయ్యి వేస్తాడు. తలుపు తెరిచి ఉంచనా, మూయనా అని ఆమె అడుగుతుంది. తెరిచే ఉంచమంటాడు. పని మీద పెంచుకున్న మమకారం మనిషికి ఏం ఇస్తుందో, ఏం లాక్కుంటుందో, రెండూ ఒకే గదిలో ఇంత నిజాయితీగా చూపించిన టీవీ ఎపిసోడ్ నేనింకొకటి చూడలేదు. డాన్‌గా జాన్ హామ్‌కు ఆ ఏడు ఎమ్మీ రాలేదు. చివరికి 2015లో వచ్చింది.

పెగ్గీ ఒట్టి ఊహ కాదు. జుట్టు రంగు వేసుకుందా లేదా అని లోకం గుసగుసలాడేలా చేసిన క్లెయిరాల్ ప్రకటన 1956లో షర్లీ పొలికాఫ్ రాసింది. మేరీ వెల్స్ 1966లో సొంత ఏజెన్సీ పెట్టి, న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో నమోదైన కంపెనీకి అధిపతి అయిన మొదటి మహిళగా నిలిచింది. ఐదో సీజన్‌లోని ‘ది అదర్ ఉమన్’ వీళ్ళు దాటివచ్చిన దారిలోని ముళ్ళను చూపిస్తుంది. జాగ్వార్ కార్ల అకౌంటు కావాలంటే జోన్ ఒక డీలరుతో ఒక రాత్రి గడపాలి. భాగస్వాములు బల్ల చుట్టూ కూర్చుని దాన్ని చర్చిస్తారు. వద్దని చెప్పడానికి డాన్ ఆమె ఇంటికి వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. అదే ఎపిసోడ్‌లో పెగ్గీ ఉద్యోగం మానేసి వెళ్ళిపోతుంది. ఒకే ఆఫీసులో ఇద్దరాడవాళ్ళు పైకి రావడానికి చెల్లించిన రెండు రకాల ధరలు ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. చూడటం కష్టం, చూడకుండా ఉండటం తప్పు.

నల్లజాతివాళ్ళ విషయంలో సిరీస్ ఇంత శ్రద్ధ పెట్టలేదు. నీళ్ళ సంచుల సంఘటన తర్వాత ఆఫీసుకు ఒక నల్లజాతి సెక్రటరీ వస్తుంది. ఆమె ఇంటికి కథ దాదాపు వెళ్ళనే లేదు. అది పెద్ద లోటే.

ఆరో సీజన్ చివర ‘ఇన్ కేర్ ఆఫ్’లో డాన్ హెర్షీ చాక్లెట్ కంపెనీ ముందు కూర్చుంటాడు. మొదట తండ్రి చాక్లెట్ కొనిచ్చిన తీపి కథ చెబుతాడు. అందరూ మురిసిపోతారు. అప్పుడు అతని చెయ్యి వణుకుతుంది. తను వేశ్యావాటికలో పెరిగాననీ, విటుల జేబులు తడిమి డబ్బు తెస్తే ఒకమ్మాయి హెర్షీ బార్ కొనిపెట్టేదనీ, ఒంటరిగా కూర్చుని దాన్ని తినేవాణ్ణనీ, తన బాల్యంలో తీపి అదొక్కటేననీ చెప్పేస్తాడు. దీనికి ప్రకటన వద్దంటాడు. ‘ది వీల్’లో లేని సంసారాన్ని అమ్మినవాడు ఇక్కడ ఉన్న నిజాన్ని అమ్మనన్నాడు. భాగస్వాములు అతన్ని నిరవధికంగా సెలవు మీద పంపేశారు. నిజమైన హెర్షీ కంపెనీ కూడా దేశవ్యాప్త ప్రకటనలు 1970లో గానీ మొదలుపెట్టలేదు.

చివరి ఎపిసోడ్ కోకా కోలా కొండమీది ప్రకటనతో ముగుస్తుంది. 1971 నాటి ఆ ప్రకటన నిజంగా మెకాన్ ఎరిక్సన్‌దే. రాసింది బిల్ బ్యాకర్. పొగమంచు వల్ల విమానం ఐర్లండ్‌లోని షానన్‌లో దిగినప్పుడు, చిరాకుపడ్డ ప్రయాణికులు కోక్ తాగుతూ కబుర్లలో పడటం చూసి అతనికి ఆలోచన తట్టింది. దాన్ని డాన్‌కు కట్టబెట్టడం కొందరికి నచ్చలేదు. నాకు నచ్చింది. దుఃఖం తీరిన మరుక్షణం ఆ దుఃఖంతో ప్రకటన చేయగలవాడే ఆ వీధి మనిషి.

ఆ వీధిలో ఇప్పుడు ఆ వ్యాపారం పలచబడిపోయింది. యంగ్ అండ్ రూబికామ్ 2013లో 285 నంబరు ఖాళీ చేసింది, తర్వాత విలీనాల్లో ఆ పేరే పోయింది. జె. వాల్టర్ థాంప్సన్ అనే ఏజెన్సీ పేరూ అలాగే పోయింది. బీబీడీఓ ఏజెన్సీ ఒకప్పుడు ఉన్న 383 నంబరులో ఇప్పుడు బ్యాంకు టవరు ఉంది. 57వ వీధి దాటితే ఖరీదైన దుస్తుల, నగల షోరూములు. న్యూజెర్సీలోని ఎడిసన్, మెట్రోపార్క్ నుంచి రోజూ రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగే మన తెలుగువాళ్ళు వేలమంది. వాళ్ళు నడిచే ఆ నేలమాళిగ, 1963 అక్టోబరులో పడగొట్టడం మొదలైన పాత పెన్ స్టేషన్ మహా కట్టడం అడుగుభాగం. ఆ కూల్చివేతను జనానికి నచ్చజెప్పే పని స్టెర్లింగ్ కూపర్‌కు రావడం మూడో సీజన్ రెండో ఎపిసోడ్ కథ. అక్కణ్ణుంచి మాడిసన్ అవెన్యూకి పాతిక నిమిషాల నడక. ఒక శనివారం పొద్దున 40వ వీధి దగ్గర మొదలుపెట్టి, గ్రాండ్ సెంట్రల్ మీదుగా 488 నంబరు దాకా నడిచి చూడండి.

అన్నీ చూసే తీరిక లేకపోతే మొదటి సీజన్ 13 ఎపిసోడ్లు మాత్రం వరసగా చూడండి. ‘ది సూట్‌కేస్’ అన్నిటికన్నా గొప్పది కదా అని దాంతో మొదలుపెట్టకండి. పెగ్గీ ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్ళకే ఆ రాత్రి విలువ తెలుస్తుంది.